మాటల తోకలు

విశాఖపట్టణమున ద్వారకానగరు బస్సు నిలయమునకు దినదినము వేలకొలది జనులు వచ్చి పోవుచుందురు. తాము ఎక్కుచున్నది ఒక విభక్తి ప్రత్యయమని వారిలో ఎందరెరుగుదురు? ఇది పరిహాసమునకు వ్రాసిన మాట కాదు. లాటిను భాషలో ‘ఆమ్నిబుస్’ అనగా ‘అందరికొరకు’ అని యర్థము. మన ‘సర్వేభ్యః’ అను రూపమునకు అది సరిగా సమానము. పందొమ్మిదవ శతాబ్దపు మూడవ దశకమున ఫ్రాన్సుదేశమందలి నాంట్ పట్టణములో, ధనికుడు పేద అను భేదము లేక అద్దె యిచ్చినవారెల్లరు ఎక్కదగిన గుర్రపుబండికి ఈ పేరు వచ్చినది. 1829లో షిల్లిబియరు అను బండ్లు కట్టు వ్యాపారి దానిని లండను వీథులకు తెచ్చెను. తరువాత జనుల నోట ఆ మాటకు తల పోయి తోక మాత్రము మిగిలెను. ఆ తోకయే ‘బస్సు’. అర్థము గల భాగము ‘ఆమ్ని’ అనునది. ‘బుస్’ కేవలము చతుర్థీ బహువచన ప్రత్యయము, పాణిని చెప్పిన ‘భ్యస్’ ప్రత్యయమునకు తోబుట్టువు. అర్థము గలది వీథిలో పడిపోయినది. ప్రత్యయము బండియై నడుచుచున్నది. మనము దానికొక ఉకారము చేర్చి, ‘లు’ చేర్చి, మరల ‘కొరకు’ అను చతుర్థిని తగిలించి, ‘బస్సులకొరకు నిలుచున్నాము’ అనుచున్నాము. చతుర్థికి చతుర్థి!

ఈ విధముగా మాటల తోకలు తెగి, ఆ తోకలు వేరొక మాటకు అంటుకొని, క్రొత్త సమాసములు పుట్టుట ఆంగ్లభాషలో నేడొక వినోదమైయున్నది. మనలో కొందరు దీనిని చూచి నవ్వుదురు; కొందరు భాష చెడిపోవుచున్నదని వాపోవుదురు. మేము ఈ రెండు తెగలలోను చేరము. తోకలు కోయుట ఆంగ్లేయులు కనిపెట్టిన విద్య కాదు. మన సంస్కృతాంధ్రములలో చిరకాలమునుండి జరుగుచున్నదే. అయితే మన దేశమున అది ఎల్లప్పుడు వినోదమై యుండలేదు. కొన్ని కోతలు మనుష్యుల బ్రతుకులకు తగిలినవి. ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా ఆంగ్లేయుల యాట చూతము. ఆకసమున తిరుగు హెలికాప్టరు పేరు గ్రీకు మాటలతో కట్టినది. ‘హెలికో’ అనగా మెలి తిరిగినది, ‘ప్టెర్’ అనగా రెక్క. పదచ్ఛేదము తెలిసినవాడు అక్కడ విడదీయవలెను. కాని పకారతకారములు కలిసి మాట మొదట వచ్చుట ఆంగ్లేయుని నోటికి పడదు. కావున వాడు ‘హెలి’ యనియు ‘కాప్టరు’ అనియు కోసెను. అది దిగు చోటు ‘హెలిపాడ్’ ఆయెను. రెండు ముక్కలును గ్రీకుదేశమున అర్థము లేనివే. అయినను రెండును బ్రతికి బట్టకట్టినవి. ‘మారథాన్’ అనునది ఒక ఊరు. క్రీస్తునకు పూర్వము 490లో గ్రీకులు అక్కడ పారసీకులను గెలిచిరి. 1896లో ఏథెన్సున జరిగిన ఒలింపిక్కు క్రీడలలో ఆ ఊరి పేరు ఒక దీర్ఘమైన పరుగునకు పెట్టిరి. ఊరి పేరులోని ‘థాన్’ అను ముక్కకు వేరుగా అర్థమేమియు లేదు. నేడు మన సముద్రతీరపు బాటమీద నడచినచో ‘వాకథాన్’. వాషింగ్టను నగరమున ‘వాటర్‌గేట్’ అనునది ఒక భవనసముదాయము పేరు. 1972లో అచ్చట ప్రతిపక్షపు కార్యాలయములో దొంగలు పట్టుబడిరి. 1974లో అధ్యక్షుడు నిక్సను పదవి విడిచెను. నాటినుండి ఏ దేశమున ఏ కుంభకోణము బయటపడినను పత్రికలవారు దానికొక ‘గేటు’ తగిలించుచున్నారు. ద్వారమునకు దౌష్ట్యమునకు ఏమి సంబంధము? మద్యసారమునకు పేరైన ‘ఆల్కహాలు’ అరబ్బీలో ‘అల్ కుహ్ల్’. కన్నులకు పెట్టుకొను సుర్మాపొడి యని దాని మొదటి యర్థము. ‘అల్’ అనునది ఉపపదము. ఆ సంధి నెరుగక ‘ఆల్క’ను కోసి పారవేసి, ‘హాలిక్’ అను తోకను పట్టుకొని, రేయింబవళ్లు పనిచేయువానికి ‘వర్కహాలిక్’ అని పేరు పెట్టిరి. త్రాగుబోతు పోలికతో పనిబోతు అన్నమాట.

ఆంగ్లదేశమున పండితులు లేకపోలేదు. ‘టెలివిజను’ అను మాట పుట్టినపుడు, తల గ్రీకు, మొండెము లాటిను, ఇదెక్కడి సంకరమని వారును ఈసడించిరి. ఆ మాట ఈ పండితులకంటె దీర్ఘాయువైనది.

ఇక మన యింటి సంగతి. ఋగ్వేదమున ‘అసుర’ శబ్దము వరుణాది దేవతలకు గౌరవముగా వాడబడినది. ఇరానుదేశీయుల ‘అహుర’ శబ్దము దీనికి సోదరము. కాలక్రమమున ఆ మాటకు దుష్టార్థము పట్టినది. అప్పుడు మాటలోని మొదటి అకారమును నిషేధార్థకమని భ్రమించి, దానిని తీసివేసి, ‘సుర’ అను క్రొత్త మాటను కల్పించి, దేవతలకు పేరుగా పెట్టిరి. అనగా అసురులనుండి సురులు పుట్టిరి గాని సురులనుండి అసురులు కాదు. దీనివలన ఎవ్వరికిని హాని లేదు. దేవతలు మనమీద అభియోగము తేరు.

‘విధవా’ శబ్దమునకు జరిగినది ఇట్టిదే, కాని హాని లేనిది కాదు. ఈ మాట అతిప్రాచీనము. లాటినున ‘విదువా’, ఆంగ్లమున ‘విడో’, ఇవి యెల్ల ఒక్క తల్లి బిడ్డలు. ఎడబాటును, వెలితిని తెలుపు ధాతువునుండి పుట్టిన యఖండమైన మాట యిది. ఇందు ‘వి’ అను ఉపసర్గము లేదు. కాని మన నైరుక్తులు దీనిని ‘వి’ యనియు ‘ధవ’ యనియు విడదీసిరి. ‘ధవ’ యనగా పురుషుడనియు, అతనిని బాసినది విధవ యనియు చెప్పుట యాస్కుని నిరుక్తమునందే కలదు. ఆ తెగిన తోక అటుపిమ్మట నిఘంటువుల కెక్కి, ‘ధవుడు’ అనగా భర్త అని స్థిరపడినది. ‘మాధవ’ శబ్దమునకు లక్ష్మీదేవి భర్త యని యర్థము చెప్పుటకు అతడు పనికివచ్చెను. భర్త గల స్త్రీ ‘సధవ’ యాయెను. ఒక ఎడబాటునకు పేరైన మాట ఈ కోతతో స్త్రీకి స్థితినిర్ణయమైనది. ధవుడున్నచో సధవ, లేనిచో విధవ; మూడవ గతి వ్యాకరణమున లేదు!

1856లో పునర్వివాహమును చట్టము అంగీకరించెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆ చరిత్ర మన పాఠకులకు క్రొత్త కాదు. కాని ఆ మాట అంతటితో ఊరకుండలేదు. తెలుగునోట అది ‘వెధవ’యై, తిట్టై, ఆడుది మగవాడు అను భేదము సైతము విడిచి, తల్లి తన చిన్న కొమారుని ముద్దుగా కసరుకొనుటకును సాధనమైనది. అటుపై సమాసములకు పూర్వపదమై ‘వెధవపని’, ‘వెధవగోల’ అని పుట్టినవి. దుఃఖములో నున్న స్త్రీ పేరు పనికిమాలిన ప్రతి వస్తువునకు విశేషణమైనది. ‘వాకథాన్’ను చూచి భాష భ్రష్టమైనదని వగచు పెద్దలు తమ యింట దినమునకు పదిమారులు వినబడు ఈ సమాసమును గూర్చి ఏల వగవరో మాకు తెలియదు.

మాటల కలయికను గూర్చిన తగవున మా మండలమునకు పెద్ద చరిత్ర కలదు. 1906లో యేట్సు దొరగారు ఈ ఉత్తర సర్కారులకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిరి. నోట పలుకు తెలుగును విడిచి వేరొక తెలుగును బాలురచేత వ్రాయించుటకు కారణమేమని ఆయన అడిగెను. ఇచ్చటి మిసెస్ ఏ.వి.యన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాసయ్యంగారును, పర్లాకిమిడి గిడుగు రామమూర్తిపంతులుగారును, విజయనగరపు గురజాడ అప్పారావుగారును ఆ ప్రశ్నను తమదిగా చేసికొనిరి. అవి రైలుబండి ఎక్కి వచ్చినవాడు కాగితముమీద ‘ధూమశకటము’ అని వ్రాయుచుండిన దినములు. సంస్కృతపదమును దేశ్యపదమును పండితుల యిష్టమునకు విరుద్ధముగా కలిసినచో దానిని ‘వైరిసమాసము’ అనుచుండిరి. ఎంత మాట! రెండు మాటలు కలిసి కాపురము చేయుచుండగా, మీరు పగవారని మూడవవాడు చెప్పుట. గురజాడవారు అప్పటికే 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’న గిరీశము నోట ఆంగ్లపదములకు తెలుగు విభక్తులు తొడిగి రంగస్థలముమీద నడిపించియుండిరి. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు ఉపసంఘము నివేదికకు వ్యతిరేకముగా ఆయన వ్రాసిన అసమ్మతిపత్రము ఈ విషయమున నేటికిని చదువదగినది. నాటికి ఆ వాదము ఓడినది. మరుసటి యేడే ఆయన గతించిరి.

గిడుగువారిని గూర్చి మరియొక సంగతి చెప్పవలెను. ఇది సామాన్యముగా వ్యావహారిక వాదమును గూర్చి వ్రాయువారు స్మరింపనిది. ఆయన యౌవనమునుండి కొండలపైనున్న సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కట్టిరి. వ్యాకరణము 1931లో వెలువడినది. ఆ భాషలో చాల నామములకు రెండేసి రూపములు కలవు. ఒంటిగా నిలుచునప్పుడు పూర్తి రూపము. వేరొక మాటతో కలియునప్పుడు ఒక్క యక్షరమంతటి కురుచ రూపము. ఆ కురుచ రూపము ఒంటిగా నడువజాలదు, కాని సమాసమునకు తోకగా చేరును. అంతేకాదు, క్రియ కడుపులో సైతము దూరును. ఆంగ్ల నిఘంటుకారులు నేడు ‘థాన్’, ‘గేట్’, ‘హాలిక్’ అని పట్టికలు వేయుచున్న తోకలవంటివి అడవిభాష యని మనవారు తేలికగా చూచిన భాషలో నియమముగా నున్నవి. ఆ నియమము నెరిగిన పెద్దమనిషికి రెండు కులముల మాటలు కలిసినవను భయము ఎట్లు కలుగును?

ఆ కొండల పేరే మరియొక తోకతో విశాఖకు దిగివచ్చినది. డాల్ఫినుముక్కు కొండగాని, కైలాసగిరిగాని ఏర్పడిన రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ‘ఖోండలైటు’ అందురు. 1902లో వాకరు అను శాస్త్రజ్ఞుడు ఖోందు జాతివారి పేరునకు గ్రీకుల ‘ఐట్’ ప్రత్యయమును చేర్చి ఆ పేరు కల్పించెను. ఆ జాతివారు తమను ఖోందులనుకొనరు. ‘కొండ’ యను మన మాటనుండియే పొరుగువారు వారికా పేరు పెట్టిరని పలువురి యభిప్రాయము. అనగా తెలుగు తల, గ్రీకు తోక, నడుమ ఒక జాతి. మన పూర్వపు మండలములోని కోడూరు మాంగనీసు గనిలో దొరకిన రాతికి ఫెర్మరు అను శాస్త్రజ్ఞుడు ‘కోడురైటు’ అని పేరిడెను. ‘స్పెసర్టైటు’, ‘ఆండ్రడైటు’ అను రెండు ఖనిజముల గుణములు కలిసిన మరియొకదానికి రెండు పేర్ల ముక్కలను కుట్టి ‘స్పాండైటు’ అనెను. శాస్త్రజ్ఞులు సైతము ఆటలాడుదురని పాఠకులు గ్రహింతురు గాక. ఈ యూరివారును తమను ‘వైజాగైట్లు’ అని చెప్పుకొనుట కలదు. విశాఖపట్టణమును ఆంగ్లేయులు ‘వైజాగపటాము’ చేసిరి. దానిలోని పట్టణమును కోసివేసి ‘వైజాగు’ చేసిరి. ఖనిజములకు చేర్చు తోకనే మనుష్యులకు చేర్చుటచే ఊరివారెల్లరు నొక జాతి రాతివలె వినబడుచున్నారు. నిజమునకు ఆ తోక గ్రీకున మొదట మనుష్యులకే చెందినది, ఊరివాడు అను నర్థమున.

రేవు 1933లో తెరువబడినది. 1948లో ఇచ్చటి నౌకానిర్మాణశాలలో కట్టిన ‘జలఉష’ను జవహర్‌లాల్ నెహ్రూ సముద్రములోనికి పంపెను. పేరు చూడుడు: అకారమునకు ఉకారము పరమైనపుడు గుణసంధి రావలెను గదా; ‘జలోష’ కావలెను. కాలేదు. అందువలన ఓడ మునిగిపోలేదు. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు ఆంధ్రదేశమెల్ల లేచినపుడు, పోలీసు కాల్పులలో పలువురు ప్రాణములు విడిచినపుడు, జనుల నోట నిలిచిన నినాదము ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అనునది. ‘విశాఖ’, ‘ఆంధ్ర’ అనునవి సంస్కృతము, ‘హక్కు’ అరబ్బీ, ‘ఉక్కు’ దేశ్యము. ఆ దేశ్యపదమే పూర్వము ఓడలెక్కి పోయి, అక్షరదోషముచే ‘వూట్జు’ అను వికృతరూపముతో 1795లో లండను రాయల్ సొసైటీవారి పత్రమున కనబడినది. అరబ్బీ మాట తెలుగు మాటకు ప్రాసగా కుదిరినదే గాని వైరము పుట్టలేదు. 1971లో శంకుస్థాపన జరిగినది, 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. దాని యుద్యోగులు కాపురముండు ఊరికి ‘ఉక్కునగరము’ అని పేరు వచ్చినది. దేశ్యమునకు సంస్కృతము తోకయై అతికిన ఆ ఊరిలో వేలాది కుటుంబములు సుఖముగా పిల్లలను పెంచినవి.

ఈ యూర 1910లో పుట్టిన శ్రీశ్రీ చేసిన పని వీని యన్నిటికంటె సొగసైనది. ఆంగ్లమున అయిదు పాదముల హాస్యపద్యమునకు ‘లిమరిక్’ అని పేరు. అది ఐర్లండులోని ఒక ఊరి పేరు. అందలి ‘రిక్’ అను తోకలో ఆంగ్లేయునకు ఏమియు వినబడదు. శ్రీశ్రీకి అందు వేదములోని ‘ఋక్కు’ వినబడెను. వెంటనే తన పద్యములకు ‘లిమఋక్కులు’ అని పేరు పెట్టెను. తోక వారిదే, చెవి మనది. దీనికి ఎదురుగా ‘టాలీవుడ్’ అను మాటను చూడుడు. 1932లో ఒక అమెరికా నిపుణుడు కలకత్తాలోని టాలీగంజి చిత్రశాలలను ఉద్దేశించి హాలీవుడ్డునకు వరుస కలిపి ఆ మాట ననెను. ‘టాలీ’ అనుటకు అక్కడ ఒక పేట యున్నది. తెలుగు చిత్రములకు ఆ పేరు అంటుకొన్నపుడు తకారము తప్ప మరేమియు మనది కాదు. రెండును తోకల యాటలే. మొదటిదానిలో భాష పనిచేసినది, రెండవదానిలో నిద్రించినది.

తెలుగునకు ఆడుకొను శక్తి లేదని కాదు. ‘దారు’ అను తోకను చూడుడు. ఇది పారసీకము, పట్టుకొన్నవాడు, కలవాడు అని యర్థము. సంస్కృతపు ‘ధర’ దీనికి జ్ఞాతి. లెక్కకు ‘జమీందారు’ అనగా ‘భూధరుడు’. జమీందారీలు పోయినవి, దారు పోలేదు. పారసీకముమీదనే వ్రాలి ‘ఫిర్యాదుదారు’, ఆంగ్లముమీద వ్రాలి ‘లైసెన్సుదారు’, తెలుగుమీద వ్రాలి ‘కొనుగోలుదారు’, సంస్కృతముమీద వ్రాలి ‘వినియోగదారు’ ఆయెను. 1986లో వచ్చి 2019లో నూతనరూపము దాల్చిన వినియోగదారుల చట్టమునకు తెలుగున వేరు పేరు ఊహింపరాదు. 1854లో బ్రౌనుదొర ఇట్టి పరభాషాపదములకే ప్రత్యేకముగా ఒక మిశ్రభాషా నిఘంటువును అచ్చువేసెను. మన పండితులు తలుపు మూసియుంచిన గదిలోనికి ఆయన దీపము పట్టుకొని పోయెను. ‘దారు’ పదమునకు స్వతః స్త్రీపుంభేదము లేదు. 2013 నాటి ఆహారభద్రతా చట్టము ప్రకారము రేషనుకార్డు విషయమున కుటుంబమునకు పెద్ద ఆ యింటి పెద్దవయసు స్త్రీయే. అయినను పత్రికలలో ‘కార్డుదారుడు’ అని డుకారము చేర్చుట మానలేదు. చట్టము స్త్రీకిచ్చిన స్థానమును ఒక్క యక్షరము తోక పురుషునకు తిరిగి యిచ్చివేయుచున్నది. మేము పాఠశాలలో దీనిని ‘కార్డుదారు’ అనియే వ్రాయించుచున్నాము.

వంటయింటిలోనికిని, పడకటింటిలోనికిని వచ్చిన తోక వేరొకటి. ఆంగ్లేయులు పసిపిల్లలతో మాటాడునపుడు మాట చివర ఒక ‘ఈ’ చేర్చి ముద్దుచేయుదురు. ఆ ముద్దుతోకతోనే మన ‘నైటీ’ వచ్చినది, ‘మిక్సీ’ వచ్చినది. 2013లో ఆక్స్‌ఫర్డు నిఘంటువువారు ఆ యేటి మాటగా ఎన్నుకొన్న ‘సెల్ఫీ’ వచ్చినది. రుబ్బురోలు ముందు గంటలకొలది కూర్చుండిన మా తల్లులను చూచినవారము గనుక మిక్సీమీద మాకు కోపము లేదు. కాని ‘ఆంటీ’ అనుదానిని గూర్చి ఒక్క మాట. పిన్ని, పెద్దమ్మ, దొడ్డమ్మ, అత్త, మేనత్త, ఇన్ని వరుసలను ఆ ముద్దుతోక యొక్కటే మ్రింగినది. పొరుగింటివారి కులగోత్రములు విచారింపక, వరుస యెంచక పిలుచుటకు వీలు కలిగినదని కొందరందురు. అందు కొంత సత్యము కలదు. అయినను ‘అక్క’ అను పిలుపు మన యుత్తరాంధ్రమున ఏ కులమువారిని అడిగి పుట్టినది? చేపలమ్ముకొను ఆమెను, కళాశాలలో చదువు చెప్పు ఆమెను ఒకే విధముగా పిలువవచ్చును.

స్త్రీల పేర్ల చివర నిలిచిన తోకలలో మిక్కిలి విచారకరమైన చరిత్ర ‘సాని’ది. ఇది ‘స్వామిని’ యను సంస్కృతపదమునుండి దిగిన మాట; ఏలునది యని యర్థము. గ్రామపు పెద్ద భార్య ‘రెడ్డిసాని’, దొర భార్య ‘దొరసాని’, పురుడు పోయునది ‘మంత్రసాని’. మూడింటను గౌరవమే కలదు. దేవాలయమున సేవచేయు స్త్రీలకును గౌరవముగానే ఆ తోక చేరియుండెను. ఆ స్త్రీలను సంఘము విలాసవస్తువులుగా చేసికొన్న పిమ్మట, తోక తెగి ఒంటిగా నిలిచి ‘సాని’ యనునది నీచపదమైనది. సానివాడ వేరు, దొరసాని మేడ వేరు, మాట యొక్కటే. స్త్రీలను దింపినది పురుషులు, దిగిపోయినది మాట. వీరేశలింగముగారు వేశ్యావృత్తినిషేధమునకు పోరాడిన కాలమున ఆ దేవతాసేవకురాండ్ర పూర్వపు గౌరవము ఎవ్వరి జ్ఞాపకమునను లేదు. మధురవాణిని సృష్టించిన గురజాడవారు మాత్రము ‘సాని’ యనిపించుకొన్న స్త్రీనే ఆ నాటకమున అందరికంటె తెలివిగలదానినిగా నిలిపిరి.

తరువాత వచ్చిన తోక ‘అమ్మ’. 1923లో ఈ యూర వైద్యకళాశాలయు కింగు జార్జి ఆసుపత్రియు నెలకొన్నవి. మంత్రసాని చేయు పనిని చదువుకొని చేయు స్త్రీలను జనులు ‘డాక్టరమ్మ’ అనిరి, ‘నర్సమ్మ’ అనిరి. బడిలో ‘టీచరమ్మ’ అనిరి. ఆంగ్లపదమునకు తెలుగు తోక. ఏ సంఘమును కూర్చుండి తీర్మానింపలేదు. ఇల్లు విడిచి పనికి వచ్చిన మొదటి తరపు స్త్రీలకు ఆ రెండక్షరములు ఎంత రక్షణయైనవో వారినే యడుగవలెను. నేటి యువతులలో కొందరికి ఆ తోక ఇష్టము కాదు. మగవైద్యుని ‘డాక్టరుగారు’ అని, మమ్ములను మాత్రము అమ్మలను చేయుటేలయని యడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్న యని మాకు తోచుచున్నది.

మా పాఠశాలలోని పిల్లలు ‘టీచరమ్మా’ అనుట మానివేసిరి. ‘మేడమ్’ అందురు. ఇది ఫ్రెంచివారి ‘మా దామ్’, లాటినున ‘మేయా దోమినా’. నా యింటి యజమానురాలా అని యర్థము. సరిగా మన దొరసాని. ఆంగ్లదేశమున సైతము అది రాణిని సంబోధించు మాటయై, మరియొక వంక వేశ్యాగృహము నడుపు స్త్రీకి పేరై, మన ‘సాని’వలెనే రెండు గతులను పొందినది. అందలి ‘దామ్’ అను భాగమునకు మూలమైన ఇల్లు, మన ‘దంపతి’ శబ్దములోని ‘దమ్’ అను ఇల్లు ఒకటియే. తొందరలోనున్న పిల్లలు దానిని ‘మ్యామ్’ చేసిరి, దకారము పోయినది.